దూరం చెప్పే పెట్టె చెప్పని సంగతులు

మొన్న వేసవి సెలవుల్లో మా పెదనాన్న కొడుకు టెక్సాస్ నుంచి వచ్చాడు. నారాయణగూడలో పెదనాన్న వాళ్ల ఇంటికి అందరం చేరాం. చాక్లెట్లు, పెర్ఫ్యూములు పంచడం అయిపోయాక, అన్న తన బ్యాగులోంచి అరచేతిలో పట్టే నల్లటి పరికరం ఒకటి తీశాడు. చూడ్డానికి సగం బైనాక్యులర్‌లా ఉంది, కన్ను పెట్టే చోటు ఒక్కటే.

"ఇదేంది అన్నా?" అన్నాను.

"లేజర్ రేంజ్ ఫైండర్ రా. మా ఫ్రెండ్స్ వేటకి పోతరు, గోల్ఫ్ ఆడతరు. రెండింటికీ ఇదే. పైకి పా, చూపిస్తా."

ఐదో అంతస్తు మీద డాబా. అటు ఇందిరా పార్కు చెట్లు, ఇటు చిక్కడపల్లి వైపు డాబాలు, వాటి మీద నల్ల ట్యాంకులు. దూరంగా ఉన్న ఒక ట్యాంకు మీద గుర్తు పెట్టి బటన్ నొక్కాను. లోపల ఎర్రటి అంకెలు వెలిగాయి: 412 మీటర్లు. దాని కింద చిన్నగా 411. "పైది అసలు దూరం, కిందది వాలు సరిచేసిన దూరం" అన్నాడు అన్న. ఏదో మోడ్ మార్చాడు. ఈసారి ఇంకో అంకె వచ్చింది. తూటా అంత దూరం వెళ్లేసరికి ఎంత పడిపోతుంది, తుపాకీని ఎంత పైకి పట్టాలి అని. అంటే బాలిస్టిక్ కరెక్షన్. తుపాకీ మన దగ్గర లేదు, అన్న దగ్గరా లేదు. అయినా పెట్టె తన లెక్క తాను చెప్పేస్తోంది.

నాకు భలే నచ్చింది. ఒక్కో డాబా మీదా పెట్టి నొక్కుతూ పోయాను. దగ్గర్లో ఒక డాబా మీద పెట్టేసరికి మెట్ల గదిలోంచి ఒకావిడ బట్టల బకెట్‌తో బయటికి వచ్చింది. నేను అప్పటికే బటన్ నొక్కేశాను. 186 మీటర్లు. దాని కింద తుపాకీ ఎంత ఎత్తులో పట్టాలో ఆ అంకె కూడా.

పెట్టెని వెంటనే దించేశాను. ఏమీ జరగలేదు. ఆవిడ బట్టలు ఆరేసుకుంది, మేం కిందికి వచ్చి టీ తాగాం. కానీ ఆ అంకె మాత్రం నాకు ఇంకా గుర్తుంది. ట్యాంకుని చూసినా, మనిషిని చూసినా ఆ పెట్టె ఒకేలా, ఒకే నమ్మకంతో జవాబు చెప్పింది. ఆ నమ్మకం గురించే ఈ వ్యాసం.

ముందుగా, ఆ పెట్టెలో ఏముందో చూద్దాం. మనం చదివేది ఇంజనీరింగే కదా.

పని చేసే సూత్రం ఫస్టియర్ ఫిజిక్సే. కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ లేజర్ పల్స్ ఒకటి వెళ్లి, ఎదుటి వస్తువుని తాకి, కొంచెం కాంతి వెనక్కి వస్తుంది. వెళ్లి రావడానికి పట్టిన సమయాన్ని కాంతి వేగంతో గుణించి సగం చేస్తే దూరం. 412 మీటర్లకి వెళ్లి రావడానికి పట్టే సమయం సుమారు 2.75 మైక్రోసెకన్లు. ఒక మీటరు తేడా తెలియాలంటే దాదాపు 6.7 నానోసెకన్లు గుర్తుపట్టాలి. అరచేతిలో పట్టే వస్తువు ఈ పని చేస్తోందంటే నిజంగా గొప్పే. ఇందులో నాకు ఏ వివాదమూ లేదు.

రెండోది వాలు. గోల్కొండ కోట పైనుంచి 30 డిగ్రీలు కిందికి, 200 మీటర్ల దూరంలో ఉన్న ఒక రాయిని చూస్తున్నాం అనుకోండి. భూమ్యాకర్షణ తూటాని లాగే లెక్కకి ఆ 200 పనికిరాదు. అడ్డంగా ఉన్న దూరం కావాలి. 200ని కొసైన్ 30తో గుణిస్తే 173. లోపల ఉన్న టిల్ట్ సెన్సర్ కోణం చెబుతుంది, ప్రాసెసర్ గుణిస్తుంది. ఇదీ బాగానే ఉంది. మా డాబా మీద వాలు తక్కువ కాబట్టి 412కీ 411కీ తేడా రాలేదు, అంతే.

మూడోది అసలు కథ, తూటా పడిపోవడం. తుపాకీ గొట్టం దాటేటప్పుడు తూటా వేగం సెకనుకి 800 మీటర్లు అనుకుందాం. గాలే లేకపోతే 600 మీటర్లు వెళ్లడానికి 0.75 సెకన్లు పడుతుంది, ఆలోపు సుమారు 2.76 మీటర్లు కిందికి పడుతుంది. అర జీటీ స్క్వేర్, ఇంటర్‌లో చేసిందే. కానీ గాలి ఉంది. గాలి తూటాని వెనక్కి లాగుతుంది, వేగం తగ్గుతూ పోతుంది. మామూలు వేట రైఫిల్ తూటాకి అదే దూరానికి దాదాపు 0.95 సెకన్లు పట్టొచ్చు, పడిపోవడం మూడున్నర మీటర్లు దాటుతుంది. దీనికి చేతిలో పట్టే చిన్న సూత్రం లేదు. అడుగడుగునా వేగం తగ్గింపు లెక్కవేస్తూ పోవాలి.

ఈ లెక్క ఎంత కష్టమంటే, తొలి ఎలక్ట్రానిక్ కంప్యూటర్లలో ఒకటి పుట్టిందే దీనికోసం. అమెరికా సైన్యం ఫిరంగుల కోసం పట్టికలు తయారు చేయించేది. ఒక్కో తూటా దారిని గంటల తరబడి మనుషులు, ఎక్కువగా యువతులు, చేత్తో లెక్కగట్టేవారు. ఆ పనికోసమే పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఎనియాక్ కట్టారు. 1946లో లోకానికి చూపించారు. ఒక పెద్ద గది నిండా ఉండే ఆ యంత్రం పని ఇప్పుడు మా అన్న జేబులో ఉంది.

అయితే ఏంటట? బాగుంది కదా? అవును, బాగుంది. ఇక్కడిదాకా నేను ఈ పరికరం వైపే. కంటి చూపుతో 600 మీటర్లు అంచనా వేస్తే పది శాతం తప్పడం మామూలు. అంటే 60 మీటర్లు. ఆ దూరంలో ఒక్కో మీటరు తప్పుకి తూటా దాదాపు ఒక సెంటీమీటరు పైకో కిందికో పోతుంది. 60 మీటర్లు తప్పితే అర మీటరుకు పైనే. వేట చట్టబద్ధమైన దేశాల్లో ఆ అర మీటరు అంటే జంతువు వెంటనే చనిపోవడానికీ, గాయంతో రోజుల తరబడి అడవిలో తిరిగి చావడానికీ ఉన్న తేడా. లేజర్ ఆ తప్పుని తుడిచేసింది. దీన్ని కాదనలేం.

ఇప్పుడు ఇంకో లెక్క చూడండి. అడ్డంగా వీచే గాలి తూటాని ఎంత పక్కకి నెడుతుంది? దీనికి ఒక పాత చక్కటి సూత్రం ఉంది. గాలి లేకపోతే పట్టే సమయం 0.75, నిజంగా పట్టేది 0.95. ఆలస్యం 0.2 సెకన్లు. ఆ ఆలస్యాన్ని అడ్డగాలి వేగంతో గుణించండి. సెకనుకి 4 మీటర్ల గాలి, అంటే చెట్టు ఆకులు, చిన్న కొమ్మలు కదిలే మామూలు గాలి. జవాబు 80 సెంటీమీటర్లు. గాలి వేగాన్ని సెకనుకి ఒక్క మీటరు తప్పుగా అంచనా వేస్తే 20 సెంటీమీటర్లు తప్పు.

పక్కపక్కన పెట్టి చూడండి. దూరంలో ఒక మీటరు తప్పు: ఒక సెంటీమీటరు. గాలిలో సెకనుకి ఒక మీటరు తప్పు: 20 సెంటీమీటర్లు. పెట్టె దూరాన్ని మీటరు వరకూ కచ్చితంగా చెబుతుంది. గాలి గురించి మా అన్న పెట్టె ఏమీ చెప్పదు. దానిలో ఆ సెన్సరే లేదు. ఖరీదైన వాటికి గాలి మీటరు జతచేసుకోవచ్చు, కానీ అది కొలిచేది మనం నిలబడ్డ చోట గాలిని. మధ్యలో లోయ ఉంటే, చెరువు ఉంటే, అక్కడి గాలి వేరు.

ఇంకా ఉన్నాయి. తూటా ఏ రకమో లోపలున్న గ్రూపుల జాబితాలోంచి మనమే ఎంచుకోవాలి. తప్పు గ్రూపు ఎంచుకుంటే పెట్టె అదే నమ్మకంతో తప్పు జవాబు చెబుతుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది, ఇక్కడి గాలి బందరు గాలి కంటే సుమారు ఐదు శాతం పలచన. అదే తూటా బందరులో కొంచెం ఎక్కువ పడుతుంది. గాలి పీడనం కొలిచే సెన్సర్ లేని పెట్టెకి ఈ తేడా తెలీదు. లేజర్ కూడా మనం ఊహించుకునేంత సన్నటి గీత కాదు, దూరం పోయేకొద్దీ విచ్చుకుంటుంది. అందుకే జింకకి బదులు మధ్యలో ఉన్న వేపకొమ్మ దూరమో, వెనకున్న గుట్ట దూరమో చెప్పే ప్రమాదం ఉంది. ఇక తూటా దారిలో ఉన్న ఆ 0.95 సెకన్లలో జంతువు ఒక అడుగు ముందుకు వేస్తే? ఏ పెట్టే చెప్పలేదు.

తెర మీద మాత్రం ఒకటే అంకె. ఎర్రగా, స్పష్టంగా. సందేహం లేకుండా.

నా అభిప్రాయం ఇదీ: పరికరం తప్పు చెప్పడం పెద్ద సమస్య కాదు. తాను ఏం కొలవలేదో చెప్పకపోవడం సమస్య. ఒక భాగం అద్భుతంగా కొలిచి, మిగతా భాగాల గురించి మౌనంగా ఉంటే, చూసేవాడికి మొత్తం కొలిచినట్టే అనిపిస్తుంది. నిన్నటిదాకా 200 మీటర్లు దాటి గురి పెట్టడానికి జంకిన మనిషి, ఈ అంకె చూసి 600కి సిద్ధమవుతాడు. వాడి చేతికి నైపుణ్యం పెరగలేదు. వాడి భయం మాత్రం పోయింది.

ఈ మాట దూరపు వేటగాళ్ల మీద ఈజీగా అనేశాను కానీ, నేనూ అదే పని చేశాను. చెప్తా వినండి.

పోయిన సెమిస్టర్ మా మినీ ప్రాజెక్ట్ గుర్తుందా? కోఠి గుజరాతీ గల్లీ అంతా తిరిగి కొన్న మోటార్లు, ఒక చిన్న లైడార్ మాడ్యూల్, ఒక సర్వో. టేబుల్ టెన్నిస్ బంతిని బుట్టలో వేసే యంత్రం. బుట్ట ఎంత దూరంలో పెట్టినా, అదే కొలుచుకుని, అదే కోణం సరిచేసుకుని వేస్తుంది. ల్యాబ్‌లో పదికి తొమ్మిది సార్లు పడేది. తెర మీద దూరం, కోణం రెండు దశాంశాలతో చూపించాం. చూసినవాళ్లు అబ్బో అన్నారు.

డెమో రోజు సెమినార్ హాల్లో మొదటి బంతి బుట్ట పక్కన పడింది. రెండోదీ పక్కనే. మూడోది ముందు వరుసలో కూర్చున్న సార్ ఒళ్లో. పైన ఫ్యాన్ తిరుగుతోంది. ల్యాబ్‌లో ఫ్యాన్ చెడిపోయి ఉంది కాబట్టి మాకెప్పుడూ తెలీలేదు. నేను సిగ్గు లేకుండా "సార్, ఫ్యాన్ ఆపొచ్చా?" అన్నాను. హాలంతా నవ్వు. ఎక్స్‌టర్నల్ సార్ కూడా నవ్వి, ఒక్కటే అడిగారు: "కోణం రెండు దశాంశాలు చూపిస్తున్నావు బాబూ, అందులో ఎంత తప్పు ఉండొచ్చో ఎక్కడ చూపిస్తున్నావు?"

నా దగ్గర జవాబు లేదు. తప్పు ఎంత ఉండొచ్చో చూపించాలన్న ఆలోచనే మాకు రాలేదు. రెండు దశాంశాలు ఎందుకు పెట్టామంటే, కోడ్‌లో అలా ప్రింట్ అయింది కాబట్టి.

డాబా మీద ఆ రోజు ఎర్ర అంకె చూసినప్పుడు నాకు ఈ ప్రశ్నే గుర్తొచ్చింది.

ఇప్పుడు మీలో కొందరు అనబోయేది తెలుసు. "అరే, క్యాలిక్యులేటర్ వచ్చినప్పుడు కూడా ఇలాగే ఏడ్చారు. లాగ్ టేబుళ్లు పోయాయి అన్నారు. ఏమైంది?" నిజమే. చేత్తో లెక్క చేయకపోతే పాపం అని నేననడం లేదు. క్యాలిక్యులేటర్‌కి మనం ఇచ్చిన అంకెలే మొత్తం లెక్క, దానికి బయట ఏమీ లేదు. ఇక్కడ లెక్కకి బయట గాలి ఉంది, కదిలే ప్రాణి ఉంది, వెనకాల ఎవరున్నారో ఉంది. తేడా అక్కడే.

ఇంకొందరు "మనకి తుపాకీ లైసెన్సులు ఉన్నాయా, వేట ఉందా? 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక ఆ కథ ముగిసింది కదా" అంటారు. అదీ నిజమే. మన హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. అక్కడ దూరం అందరికీ ముందే తెలుసు, రేంజ్ ఫైండర్ అక్కర్లేదు. ఆరుబయట జరిగే 50 మీటర్ల పోటీలో కూడా గాలి కోసం చిన్న జెండాలు కడతారు, వాటిని చదవాల్సింది షూటరే.

కానీ మనలో చాలామంది వెళ్లబోయే చోట్లు చూడండి. ఈ ఊళ్లోనే డీఆర్‌డీఎల్ ఉంది, ఆర్‌సీఐ ఉంది, బీడీఎల్ ఉంది, లేజర్ల మీద పనిచేసే చెస్ ల్యాబ్ ఉంది. బందరులో 1926లో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీగా మొదలై, 1983లో బీఈఎల్ చేతికి వచ్చిన యూనిట్ రాత్రిపూట చూసే పరికరాలు తయారు చేస్తోంది. రేంజ్ ఫైండర్ కొనేవాళ్లం మనం కాకపోవచ్చు. దాని తెర మీద ఏ అంకె చూపించాలో నిర్ణయించేవాళ్లం మాత్రం మనమే అవుతాం. తుపాకీ పరికరమే అక్కర్లేదు. రక్తంలో షుగర్ కొలిచేదైనా, లోన్ ఇవ్వాలా వద్దా అని స్కోరు చెప్పే యాప్ అయినా, ఇదే ప్రశ్న.

ఈ గీత ఎక్కడ గీయాలో ఆలోచించినవాళ్లు ఉన్నారు. గోల్ఫ్ నియమాలు చూడండి, నాకు చాలా తెలివైనవిగా అనిపించాయి. 2019లో వచ్చిన నియమాల ప్రకారం, స్థానికంగా నిషేధం లేకపోతే దూరం కొలిచే పరికరం వాడుకోవచ్చు. కానీ ఎత్తుపల్లాల తేడా కొలవకూడదు, ఏ క్లబ్బు వాడాలో పరికరంతో చెప్పించుకోకూడదు. అందుకే గోల్ఫ్ రేంజ్ ఫైండర్లలో వాలు లెక్క ఆపేసే స్విచ్ ఉంటుంది. అంటే కొలత నీకు ఇస్తాం, తీర్పు నువ్వే చెప్పుకో అని. అలాగే అమెరికాలో 1887లో థియొడోర్ రూజ్‌వెల్ట్ మొదలుపెట్టిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్, దూరపు వేట గురించి చెప్పేటప్పుడు ఇన్ని మీటర్లు దాటకూడదని గిరి గీయలేదు. వేటగాడి ఉద్దేశం ఏంటన్నదే చూడాలంది. పరికరాన్ని పరీక్షించడానికి ప్రాణిని గురిగా వాడుకుంటే అది వేట కాదన్నమాట.

ఒక బంతి ఆటలోనే కొలతకీ తీర్పుకీ మధ్య గీత గీశారు. ప్రాణం పోయే చోట ఆ గీత ఇంకా గట్టిగా ఉండాలి కదా?

ఇదంతా రాస్తుంటే అశోక్‌నగర్ గుర్తొస్తోంది. సిటీ సెంట్రల్ లైబ్రరీ చుట్టుపక్కల గ్రూప్స్‌కి చదివే అన్నలు, అక్కలు ఎంత కష్టపడతారో నేను రోజూ చూస్తాను. వాళ్ల గురించి ఒక్క మాట అనను. కానీ ఆ వీధుల్లో జిరాక్స్ సెంటర్లలో వేలాడే షార్ట్‌కట్ పుస్తకాలు మనం కూడా కొంటాం. "ఈ టైపు లెక్క వస్తే ఈ అంకెతో గుణించు." పరీక్షలో టైమ్ లేదు, వాడుకోవాల్సిందే. ఎప్పుడు ఆ షార్ట్‌కట్ పనిచేయదో మాత్రం ఆ పుస్తకంలో ఉండదు. పరీక్షలో తప్పితే ఒక మార్కు పోతుంది. అదే అలవాటుతో పరికరం తయారు చేస్తే పోయేది మన మార్కు కాదు, ఇంకెవరిదో ప్రాణం.

కాబట్టి ఉపన్యాసం ఆపి, నేను అడిగేది చెప్తా. వచ్చే సెమిస్టర్ ప్రాజెక్ట్ ఎక్స్‌పోలో ప్రతి స్టాల్ మీద, పేరూ సర్క్యూటూ పక్కన, ఒక ఏ4 కాగితం అంటిద్దాం. మూడు విషయాలు రాయాలి. ఒకటి, ఈ పరికరం నిజంగా కొలిచేవి ఏవి. రెండు, కొలవకుండా అనుకున్నవి ఏవి. మూడు, ఏ పరిస్థితిలో దీని జవాబు నమ్మకూడదు. తెర మీద వచ్చే ప్రతి అంకె పక్కన ప్లస్ ఆర్ మైనస్ ఎంతో రాయాలి. రాయలేకపోతే దశాంశాలు తీసేయాలి. దీనికి ఖర్చు ఒక కాగితం. మార్కులు తగ్గుతాయేమో అని భయం ఉంటుంది, నాకూ ఉంది. కానీ ఎక్స్‌టర్నల్ అడిగాక నీళ్లు నమలడం కంటే ఇది నయం, నన్ను నమ్మండి.

మా టీమ్ నుంచి మొదలుపెట్టేశాను. బంతి యంత్రానికి కాగితం రాసి అంటించాను. రెండో ప్రశ్న కింద మొదటి లైను: "గదిలో గాలి కదలడం లేదని అనుకున్నాం."

అన్న తిరిగి వెళ్లే ముందు రోజు రాత్రి డాబా మీద ఈ మాటలన్నీ చెప్పాను. గాలి లెక్క చేసి చూపించాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మా ఫ్రెండ్స్‌లో ఒకడు పోయినేడు చాలా దూరం నుంచి ఒక జింకని కొట్టిండు రా. దొరకలే. చీకటి పడేదాకా వెతికినం" అన్నాడు.

అప్పుడు ఆ పెట్టె ఎంత చూపించిందో నేను అడగలేదు.